ప్రశ్న వేసే కుర్చీ

కుర్చీ అంటే మనకు కూర్చునే వస్తువే. కాని కథల్లోకి, పురాణాల్లోకి వెళ్ళి చూడండి. కూర్చున్నవాళ్ళకు సుఖమిచ్చిన కుర్చీలు బహు తక్కువ. గ్రీకుల పురాణాల్లో హెఫైస్టస్ అనే దేవశిల్పి వున్నాడు. తల్లి హీరా తనను పసితనంలోనే స్వర్గం నుంచి కిందికి విసిరేసిందని అతనికి కోపం. బంగారు సింహాసనం ఒకటి చేసి ఆవిడకు కానుకగా పంపాడు. ఆవిడ ముచ్చటపడి కూర్చున్నది. అంతే, కంటికి కనిపించని సంకెళ్ళు పట్టేశాయి. దేవతలెవ్వరూ విడిపించలేకపోయారు. చివరికి డయొనీసస్ వెళ్ళి, హెఫైస్టస్‌కు పూటుగా సారాయి పోయించి, ఆ మత్తులో తీసుకువస్తేగాని తల్లికి విముక్తి కలగలేదు.

ఇది కథే గదా అనకండి. నిజంగా అటువంటి కుర్చీ చేయించిపెట్టుకున్న ప్రభువులు కూడా వున్నారు. రోములో బోర్గేసే వంశం వారి ఉద్యానభవనంలో ఒక కుర్చీ వుండేదట. దాని చేతుల్లోనూ వీపులోనూ స్ప్రింగులు దాచి పెట్టారు. అందులో కూర్చున్న అతిథి లేవబోతే లేవలేడు! 1644లో ఆ భవనం చూసిన జాన్ ఎవిలిన్ అనే ఆంగ్లేయుడు తన దినచర్యలో ఈ సంగతి రాసిపెట్టుకున్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు అది నవ్వులాటే అయివుంటుంది. కూర్చున్నవాడి సంగతి ఎవరికి కావాలి?

మన కథల్లో సింహాసనాల తీరు వేరు. విక్రమార్కుడి సింహాసనం తవ్వి తీయించి భోజరాజు ఎక్కబోతే, దాని 32 బొమ్మలూ ఒక్కొక్కటిగా అడ్డుపడి, ఆ మహారాజు కథ ఒకటి చెప్పి, నీలో అంతటి గుణం వున్నదా అని నిలవేశాయి. కొరవి గోపరాజు ఈ కథలను 15వ శతాబ్దంలోనే తెలుగు కావ్యంగా రాశాడు. ఇక 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సినిమాలోని సత్యపీఠం సంగతి తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. దానిమీద కాలు పెట్టగానే శకుని మామ కడుపులోని కుట్రంతా తానే కక్కుతాడు.

పట్టుకునే కుర్చీ ఒకటి, ప్రశ్న వేసే కుర్చీ ఒకటి. 2023లో మా మేనల్లుడి కోసం ఒక కుర్చీ చెయ్యవలసి వచ్చేదాకా ఈ రెంటికీ వున్న తేడాను నేను అంతగా పట్టించుకోలేదు.

గదిలో పెట్టి గడియారం చూపిస్తారు

మా వాడు హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి ‘ఎస్కేప్ రూమ్’ పెడతానన్నాడు. ఇదేమి కొత్త వేషమో మొదట నాకు బోధపడలేదు. చూసి వచ్చిన తరవాత తెలిసింది. నలుగురో అయిదుగురో డబ్బిచ్చి ఒక గదిలోకి వెళతారు. లోపల అంతా ఒక కథకు తగినట్టు అమర్చి వుంటుంది. పాతకాలపు జమీందారు గదో, డిటెక్టివు ఆఫీసో, ఓడ అడుగుభాగమో. ఆ సామానుల్లోనే ఎక్కడెక్కడో ఆనవాళ్ళు దాచి వుంటాయి. వాటిని వెతికి, కలిపి, ఆలోచించి, సాధారణంగా గంటలోగా బయటి దారి కనుక్కోవాలి. గోడమీద గడియారం వెనక్కి నడుస్తూ వుంటుంది.

ఇప్పటి రూపంలో ఈ ఆటను మొదలుపెట్టినవాడు జపాను దేశస్థుడు తకావో కాటో. 2007లో క్యోటోలో మొదటి ఆట ఆడించాడు. 2011 నాటికి హంగరీ రాజధాని బుడాపెస్టుకు పాకింది. ఆ తరవాత ఊరూరా వ్యాపించింది. కంప్యూటరు తెరమీద ఆడుకునే ఆటను నిజమైన బల్లలు, బీరువాలు, తాళాల మధ్యకు తీసుకురావడమే అందులోని కొత్తదనం.

మా వాడు నా దగ్గరికి రావడానికి కారణం వున్నది. నేను ముప్ఫయి ఏళ్ళపాటు నాటక సమాజాలకు రంగాలంకరణ చేశాను. అట్టతో ద్వారకా, గోనెపట్టాతో హిమాలయాలూ సృష్టించినవాణ్ణి.

“మావయ్యా, జమీందారు గదికి ఒక సింహాసనంలాంటి కుర్చీ కావాలి. నువ్వయితేనే చెయ్యగలవు. దసరాకు తెరవాలి,” అన్నాడు.

“కుర్చీ ఏం చెయ్యాలి?” అని అడిగాను.

వాడు కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. మనిషి కూర్చుని చేతులు ఆనించగానే రెండువైపుల నుంచీ ఇనుప కడియాలు లేచి మణికట్లు పట్టేస్తాయట. మిగతావాళ్ళు చిక్కుముడి విప్పితేగాని ఊడవట.

మా ఆవిడ కాఫీ పట్టుకు వచ్చి ఆ బొమ్మ చూసింది. “కూర్చున్నది నేనైతేనో?” అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

కడియాలు వద్దన్నాను

వాడి వాదన వాడికి వున్నది. “కాస్త భయం లేకపోతే ఎవరొస్తారు మావయ్యా? అప్పు చేసి పెడుతున్నాం. పక్కవాళ్ళకు లేనిదేదో మనకుండాలి గదా!”

నేను వాడికి కోషాలిన్ సంగతి చెప్పాను. అది పోలెండు దేశంలో ఒక ఊరు. 2019 జనవరి 4న అక్కడ అయిదుగురు ఆడపిల్లలు, అందరూ 15 ఏళ్ళవాళ్ళే, స్నేహితురాలి పుట్టినరోజు పండుగకని ఇటువంటి ఆటగదికే వెళ్ళారు. ముందుగదిలో గ్యాసు కుంపటి దగ్గర నిప్పంటుకున్నది. అక్కడున్న పనివాడు కాలిన గాయాలతో బయటపడ్డాడుగాని పిల్లల గది చేరలేకపోయాడు. లోపలివాళ్ళకు తప్పించుకునే మరో దారి లేదు. పొగకూ విషవాయువుకూ అయిదుగురూ అక్కడే ప్రాణాలు వదిలారు. ఆ తరవాత ప్రభుత్వంవారు దేశమంతటా ఇటువంటి గదులను తనిఖీ చేసి, చాలావాటిని మూయించారు.

మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేనే అన్నాను: “చూడు నాయనా, తప్పించుకోవడం అనేది నీ ఆటలో నటన. నాటకంలో కత్తి యుద్ధం లాంటిది. కత్తి అట్టది కాబట్టే వీరుడు అంత ధైర్యంగా తిప్పుతాడు. తలుపు నిజంగా వేసేస్తే, కడియం నిజంగా పట్టేస్తే, అది ఆట కాదు. కరెంటు పోయినా, నిప్పంటుకున్నా, కూర్చున్నవాడికి గుండెదడ వచ్చినా, ఆ క్షణంలో వాడంతట వాడు లేచి, తలుపు తోసుకుని వెళ్ళిపోగలగాలి. దానికి ఒప్పుకుంటే కుర్చీ చేస్తాను. నీ కడియాల కంటే మంచి తమాషా చేసి చూపిస్తాను.”

“ఏమిటది?”

“కూర్చున్నవాణ్ణి నువ్వు పట్టుకోవద్దు. తానే లేవకుండా కూర్చునేటట్టు చేద్దాం.”

చూపుకు చేసే వస్తువు, చేతికి చేసే వస్తువు

నాటకంలో సింహాసనం చెయ్యడం తేలిక. ప్రేక్షకుడు ముప్ఫయి అడుగుల దూరంలో వుంటాడు. ముందువైపు బంగారు కాగితం అంటిస్తే చాలు, వెనక మేకులు కనిపించినా అడిగేవాడుండడు. పైగా రంగం మారగానే ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని ఎత్తుకుపోవాలి గనక ఎంత తేలికగా వుంటే అంత మంచిది. ఆటగదిలో ఇదంతా తలకిందులు. ఇక్కడ ప్రేక్షకుడే నటుడు. వాడు వస్తువును తడుముతాడు, గుంజుతాడు, తిరగేస్తాడు, గోటితో గీకుతాడు. ఆనవాలు ఎక్కడున్నదో తెలియదు గనక ప్రతి మేకునూ అనుమానిస్తాడు. ఇంట్లో కుర్చీ పదేళ్ళలో చూసే కష్టాన్ని ఈ కుర్చీ ఆరు నెలల్లో చూస్తుంది.

అందుకని నేను మా పాత వడ్రంగి ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం కలిసి పాత కలప అమ్మే అడితికి పోయి, పడగొట్టిన మండువా ఇంటి ద్వారబంధాలు కొన్నాం. టేకు. ఏళ్ళ తరబడి ఎండకూ గాలికీ ఆరిన కర్ర గనక ఇక వంగేది, మెలి తిరిగేది వుండదు. మీలో ఎవరైనా కుర్చీ చేయించుకునేటట్టయితే ఈ మాట గుర్తుంచుకోండి: పచ్చికర్రతో చేసిన కుర్చీ ఏడాది తిరక్కుండా కిర్రుమంటుంది.

కాళ్ళు రెండున్నర అంగుళాల చదరం. కూర్చునే ఎత్తు 18 అంగుళాలు. ఇంతకంటే ఎత్తయితే పొట్టివాళ్ళకు కాళ్ళు వేలాడతాయి. మరీ తగ్గితే మోకాళ్ళ నొప్పులవాళ్ళు లేవలేరు. వీపు మాత్రం నేలనుంచి నాలుగున్నర అడుగులు. అంత ఎత్తు ఎందుకో తరవాత చెబుతాను. అతుకులన్నీ కుసులు చెక్కి, బెజ్జాల్లో దిగగొట్టి, అడ్డంగా చెక్క మేకులు వేసినవే. ఇనుప స్క్రూ అయితే ఊపిన కొద్దీ కర్రలో చోటు చేసుకుని వదులవుతుందని ఆచారి గారి మాట. మూలమూలకూ లోపలివైపు దిమ్మలు బిగించారు. తయారైన తరవాత ఆయనా నేనూ కలిసి అందులో కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగాం. ఇద్దరం కలిస్తే 140 కిలోలు తగ్గం. కుర్చీ చప్పుడు చెయ్యలేదు. ఆయన మోకాలు మాత్రం చేసింది.

కుర్చీ కడుపులో ఏముంది?

ఇప్పుడు రహస్యం. కూర్చునే పలక చట్రానికి అతికించి వుండదు. వెనకవైపు బందులమీద వేలాడుతూ, ముందువైపు రెండు స్ప్రింగులమీద నిలిచి వుంటుంది. మనిషి కూర్చోగానే ముందువైపు పావు అంగుళం దిగి, కింద చట్రం మీద ఆనుకుంటుంది. అక్కడి నుంచి బరువంతా కర్రమీదనే. స్ప్రింగుకు గాని, మరలకు గాని కష్టం లేదు. పావు అంగుళమే గనక, పైన పరుపు వున్నది గనక, కూర్చున్నవాడికి అది దిగినట్టు తెలియదు.

పలక అడుగున ఒక చిన్న అయస్కాంతం అంటించాం. చట్రంలో, దాని ఎదురుగా, అగ్గిపుల్లంత గాజుగొట్టం. దీన్ని రీడ్ స్విచ్ అంటారు. గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు, తగిలీ తగలనట్టు వుంటాయి. అయస్కాంతం దగ్గరికి రాగానే అవి ఒకదానికొకటి తగులుకుంటాయి, విద్యుత్తు ప్రవహిస్తుంది. దూరమవగానే విడిపోతాయి. ఒరిపిడి లేదు, దుమ్ము చొరదు. కొన్ని యిళ్ళలో తలుపు తెరిస్తే మోగే దొంగగంటల్లో వుండేది కూడా ఇదే.

స్ప్రింగుల బిగువు సరిచూడటానికి మా వంటింటి బియ్యం పనికివచ్చాయి. 10 కిలోల సంచి పెడితే పలక దిగకూడదు. 20 కిలోలు పెడితే దిగి తీరాలి. ఎందుకంటే చిన్నపిల్ల కూర్చున్నా కుర్చీ పలకాలి, చేతిసంచి పెడితే మాత్రం పలకకూడదు. నాలుగు జతల స్ప్రింగులు మార్చిన తరవాత లెక్క కుదిరింది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో బియ్యం వడ్రంగి కొట్లోనూ, మేము హోటల్లోనూ వున్నాం.

పలకకూ చట్రానికీ మధ్య సందు విషయంలో ఆచారి గారు చాలా పట్టుదలగా వున్నారు. కదిలే పలక దగ్గర పసివేలు దూరేటంత సందు వుంటే అది నలుగుతుంది. కనక వేలు అసలు దూరనంత సన్నగా చేసి, పైనుంచి తోలు అంచు కప్పారు. తీగలు వెనక కాలిలో తొలిచిన కాలువగుండా దిగి, జంపఖానా కింద పరిచిన చెక్కలోకి పోతాయి. కుర్చీ ఆ చెక్కకే బిగించి వుంటుంది గనక ఎవరు ఎంత లాగినా తీగ తెగదు. అందులో పారేది 12 వోల్టుల విద్యుత్తు. పట్టుకున్నా షాకు కొట్టదు.

జమీందారు పటం

తీగ చివర ఏమున్నది? ఇక్కడ నా పాత విద్య అక్కరకు వచ్చింది. పౌరాణిక నాటకాల్లో మాయలు చూపడానికి పలచని జాలిగుడ్డ తెర వాడేవాళ్ళం. ముందునుంచి వెలుగు పడితే దానిమీద వేసిన బొమ్మ గోడలాగా గట్టిగా కనిపిస్తుంది. ముందు వెలుగు తగ్గించి వెనక దీపం వేస్తే బొమ్మ కరిగిపోయి వెనక వున్నది కనిపిస్తుంది. దేవుడు ప్రత్యక్షమయ్యేది అట్లాగే.

కుర్చీ వెనక గోడమీద జమీందారు గారి నిలువెత్తు పటం జాలిగుడ్డమీద వేయించాం. గది ఎటూ మసక వెలుతురే. పటం వెనక ఒక నల్లపలక, దానిమీద నాలుగు అంకెలు, పైన చిన్న ఎల్.ఇ.డి. దీపం. కుర్చీలో ఎవరైనా కూర్చుంటే దీపం వెలుగుతుంది. జమీందారు గారి గుండెలో అంకెలు కనిపిస్తాయి. లేస్తే ఆరిపోతుంది.

కూర్చున్నవాడికి మాత్రం అవి కనిపించవు. వీపు నాలుగున్నర అడుగులు పెట్టింది అందుకే. ఎంత మెడ తిప్పినా కర్ర చెక్కడమే కనిపిస్తుంది. చూద్దామని లేచాడా, వెలుగు పోతుంది! ఇక ఆ అంకెలతో తీసే తాళం కుర్చీ కుడిచేతి కింద, చిన్న పెట్టెకు వున్నది. అంకెలు పెద్దవిగా వుండి వృద్ధులకు కూడా కనిపించే తాళాన్నే వెతికి తెచ్చాం. చూసేవాళ్ళు చెప్పాలి, కూర్చున్నవాడు తిప్పాలి. పెట్టెలో తరవాతి ఆనవాలు వుంటుంది. బయటి తలుపుకు మాత్రం ఎప్పుడూ నిజమైన తాళం లేదు. లోపలినుంచి తోస్తే తెరుచుకునేదే. ఆ సంగతి ఆట మొదలుపెట్టే ముందే అందరికీ చెబుతారు. చెప్పినంతమాత్రాన ఎవరి ఉత్సాహమూ తగ్గినట్టు నాకు కనిపించలేదు.

నానమ్మ గారు చేసిన పని

దసరా సెలవుల్లో తెరిచారు. నాలుగు రోజులు నేను బయటి గదిలో, కెమెరా తెర ముందు కూర్చుని చూశాను. కాలేజీ కుర్రాళ్ళు కుర్చీని తలకిందులు చెయ్యడానికి శతవిధాల ప్రయత్నించారు. అది కదలలేదు. ఒక జట్టులో ఎవరికీ కూర్చునే ఓపిక లేక, అలమరలోని పుస్తకాలన్నీ తెచ్చి పలకమీద పేర్చారు. దీపం వెలిగింది! ఇది మోసం, పుస్తకాలను మేకులతో బిగించేద్దాం అన్నాడు మా వాడు. “అదీ తెలివే, వుండనీ,” అన్నాను.

మూడవ రోజున ఒక కుటుంబం వచ్చింది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, డెబ్భయి దాటిన నానమ్మ గారు. “నాకు మోకాళ్ళ నొప్పులు, నేనిక్కడే కూర్చుంటాను. మీరు వెళ్ళి రండి,” అన్నదావిడ. లోపల కుర్చీ వున్నది, రండమ్మా అని మా వాడు తీసుకువెళ్ళాడు.

ఆవిడ కూర్చున్నది. పటం వెలిగింది. పిల్లలు కేకలు వేశారు. ఏమిటర్రా అని ఆవిడ లేచింది, చీకటి. మళ్ళీ కూర్చున్నది, వెలుగు. రెండు నిమిషాలపాటు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివరికి పదేళ్ళ మనవరాలు, “నానమ్మా, నువ్వు లేవకు! నువ్వు కూర్చుంటేనే వస్తోంది!” అని అరిచింది. అక్కడి నుంచి చూడాలి. నలుగురూ పటం ముందు నిలబడి అంకెలు చెప్పేవాళ్ళే. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తాళం తిప్పుతూ, “అందరూ ఒక్కసారి అరవకండర్రా, ఒక్కొక్కళ్ళు చెప్పండి,” అని కోప్పడటమూను. పెట్టె తెరుచుకున్నది. 52 నిమిషాల్లో అందరూ బయటపడ్డారు.

వెళ్ళేముందు ఆవిడ నాతో అన్నది: “ఇంట్లో వీళ్ళు నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వరు బాబూ. ఊరికే కూర్చో, కూర్చో అంటారు. ఇవాళ కూర్చోవడం కూడా ఒక పనైంది.”

మా మేనల్లుడు పక్కనే వున్నాడు. కడియాల బొమ్మ వేసిన కాగితం తరవాత మళ్ళీ నాకెక్కడా కనిపించలేదు.

వెళ్ళేవాళ్ళు అడగవలసినవి

సెలవుల్లో పిల్లలు ఇటువంటి ఆటకు తీసుకువెళ్ళమని మీ ప్రాణం తీస్తే, తప్పకుండా వెళ్ళండి. టెలివిజను ముందు గంట కూర్చోవడం కంటే మంచిదే. టిక్కెట్టు కొనేముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. ఆట మధ్యలో ఎవరికైనా వెళ్ళిపోవాలనిపిస్తే తలుపు లోపలినుంచి మేమే తెరుచుకోవచ్చునా? కరెంటు పోతే ఏమవుతుంది? ఆట సాగుతున్నంతసేపూ మమ్మల్ని చూస్తూ ఒక మనిషి వుంటాడా? ఈ ముందుగది కాక బయటికి మరొక దారి వున్నదా? నవ్వుతూ వెంటనే జవాబు చెప్పి, దారి చూపించినవాళ్ళ దగ్గర నిశ్చింతగా ఆడుకోండి. నీళ్ళు నమిలితే, పిల్లలు ఎంత అలిగినా సరే, ఐస్‌క్రీము కొనిపెట్టి ఇంటికి తీసుకురండి.

ఈ వ్యాసం రాస్తుంటే మా ఆవిడ తొంగిచూసి, “ఊళ్ళోవాళ్ళకు సింహాసనాలు చేసిపెట్టారు, బాగానే వుంది. మన వంటింటి పీట కాలు దీపావళినుంచి ఊగుతోంది. దానికేమైనా రహస్యం వున్నదా?” అని అడిగింది. రహస్యమేమీ లేదు. రేపే ఆచారి గారికి కబురు పెడుతున్నాను.